యాప్ టెస్టులు ఐదు ఫోన్ల మీద కలిపి వేస్తే ఫెయిల్, ఒక్కోటిగా వేస్తే పాస్: ఫోన్లు ఆఫీసులోనే ఉంచుకోవాలా, క్లౌడ్‌కి వెళ్లాలా?

రాత్రిరన్ (ప్రశ్న)

ముందు సెటప్ చెప్పేస్తాను, లేకపోతే మళ్లీ మళ్లీ అడగాల్సొస్తుంది.

ఆండ్రాయిడ్ యాప్. సగం స్క్రీన్లు జెట్‌ప్యాక్ కంపోజ్ (గూగుల్ కొత్త యూఐ టూల్‌కిట్), సగం పాత ఎక్స్‌ఎంఎల్ లేఅవుట్లు. ఇంగ్లిష్, తెలుగు, హిందీ మూడు భాషలు. ఓటీపీ లాగిన్, చివర్లో యూపీఐ పేమెంట్. టెస్టులు అప్పియం 2 (ఫోన్‌ని మనిషిలా నొక్కి చూసే టూల్), దాని యూఐఆటోమేటర్2 డ్రైవర్, జావా, టెస్ట్‌ఎన్‌జీ (టెస్టులు నడిపే జావా లైబ్రరీ). మొత్తం 140 టెస్టులు, ఒక ఫోన్ మీద వరసగా వేస్తే 3 గంటలు.

ఆఫీసులో ఒక ఉబుంటు మెషీన్, దానికి యూఎస్‌బీ హబ్‌తో ఐదు ఫోన్లు: రెడ్‌మీ రెండు, రియల్‌మీ, వివో, శామ్‌సంగ్ ఒక్కోటి. జెంకిన్స్ (జాబ్‌లు టైం ప్రకారం నడిపే సర్వర్) రాత్రి ఐదు ఫోన్ల మీదా సూట్ మొత్తం, అంటే టెస్టులన్నీ, వేస్తుంది. ఒక్కో ఫోన్‌కి ఒక్కో అప్పియం సర్వర్. పొద్దున చూస్తే రిపోర్ట్‌లో మూడో వంతు ఎరుపే. అవే టెస్టులు ఒక ఫోన్ మీద విడిగా వేస్తే దాదాపు అన్నీ పాస్.

లాగ్‌లో కనిపించేవి:
– "సాకెట్ హ్యాంగ్ అప్". ఎక్కువగా మొదటి ఐదు నిమిషాల్లోనే.
– రెడ్‌మీలో "ఇన్‌స్టాల్ ఫెయిల్డ్ యూజర్ రెస్ట్రిక్టెడ్". రియల్‌మీలో "రైట్ సెక్యూర్ సెట్టింగ్స్" పర్మిషన్ లేదని సెక్యూరిటీ ఎక్సెప్షన్.
– హోమ్ స్క్రీన్‌లో ఒక్కో ఎలిమెంట్ దొరకడానికి పది సెకన్లు. మిగతా స్క్రీన్లలో మామూలే.
– కొన్నిసార్లు ఫోన్లు "ఆఫ్‌లైన్", కొన్నిసార్లు "అన్‌ఆథరైజ్డ్".
– తెలుగు టెక్స్ట్ అసర్షన్లు (అనుకున్న మాటే వచ్చిందా అని చూసే చెక్‌లు) ఫెయిల్. అనుకున్నది, వచ్చింది రెండూ రిపోర్ట్‌లో అచ్చం ఒకేలా కనిపిస్తాయి!

ఇదంతా చూసి మేనేజర్ "ఫోన్లు పీకేయండి, మొత్తం క్లౌడ్‌కి మార్చేద్దాం" అంటున్నారు. ఒక క్లౌడ్ సర్వీసు (ఇంటర్నెట్‌లో అద్దెకి ఫోన్లిచ్చేది) ట్రయల్‌లో వేస్తే సూట్‌కి రెట్టింపు టైం పట్టింది, ఓటీపీ ఆటో-రీడ్ అసలు పనిచేయలేదు. ఏం చేయమంటారు?

---

పోర్ట్8200

క్లౌడ్ సంగతి తర్వాత. విడిగా పాస్ అయ్యి కలిపి వేస్తే ఫెయిల్ అవుతున్నాయంటే ఫోన్లదో యాప్‌దో తప్పు కాదు, ఆ ఐదు సెషన్లూ దేన్నో పంచుకుంటున్నాయి. అదేంటో తేల్చకుండా క్లౌడ్‌కి వెళ్తే ఇదే ఎరుపు అక్కడా కనిపిస్తుంది, కాకపోతే నిమిషానికింత కట్టి చూడాలి.

మొదట పోర్ట్. యూఐఆటోమేటర్2 డ్రైవర్ ఫోన్‌లో ఉన్న తన సర్వర్‌తో మాట్లాడటానికి మెషీన్ మీద 8200 నుంచి 8299 మధ్య ఖాళీగా ఉన్న మొదటి పోర్ట్ తీసుకుంటుంది. ఐదు అప్పియం సర్వర్లు ఒకేసారి లేచి వెతికితే రెండిటికి ఒకే పోర్ట్ ఖాళీగా కనిపించొచ్చు. రెండోది దాన్ని లాక్కోగానే మొదటి సెషన్‌కి సాకెట్ హ్యాంగ్ అప్. మొదటి ఐదు నిమిషాల్లోనే వస్తోందన్నారు కదా, సరిగ్గా ఇదే లక్షణం. ఒక్కో ఫోన్‌కి సిస్టమ్‌పోర్ట్ కేపబిలిటీ (సెషన్ మొదట్లో ఇచ్చే సెట్టింగ్) చేత్తో ఇచ్చేయండి: 8201, 8202, 8203, అలా. పేమెంట్ పేజీ వెబ్‌వ్యూ (యాప్ లోపల తెరిచే వెబ్ పేజీ) అయితే దాన్ని నడిపే క్రోమ్‌డ్రైవర్‌కి క్రోమ్‌డ్రైవర్‌పోర్ట్ కూడా విడివిడిగా ఇవ్వాలి. యూడీఐడీ (ఫోన్ గుర్తింపు నంబర్) తప్పనిసరి, అది ఇవ్వకపోతే అప్పియం లిస్టులో ముందున్న ఫోన్ పట్టుకుంటుంది, రెండు సెషన్లు ఒకే ఫోన్ మీదికి ఎక్కుతాయి.

రెండోది మీ జావా కోడ్. బేస్ క్లాస్‌లో డ్రైవర్‌ని స్టాటిక్ వేరియబుల్‌గా పెట్టారేమో చూడండి. టెస్ట్‌ఎన్‌జీలో పారలల్ పెట్టగానే ఐదు థ్రెడ్లూ ఆ ఒక్క వేరియబుల్‌లోనే రాస్తాయి, చివర రాసినవాడిదే రాజ్యం. రెడ్‌మీ మీద కొట్టాల్సిన క్లిక్ శామ్‌సంగ్‌కి వెళ్తుంది. థ్రెడ్‌లోకల్‌లో (ఒక్కో థ్రెడ్‌కి విడి కాపీ) పెట్టండి, టెస్ట్ అయ్యాక రిమూవ్ పిలవడం మర్చిపోవద్దు.

మూడోది చాలామంది చూడరు: టెస్ట్ అకౌంట్. ఐదు ఫోన్లూ ఒకే మొబైల్ నంబర్‌తో లాగిన్ అవుతున్నాయా? బ్యాకెండ్‌లో "ఒక యూజర్ ఒకే డివైస్" రూల్ ఉంటే రెండో ఫోన్ లాగిన్ అవ్వగానే మొదటిది బయటికి పోతుంది. ఆ రూల్ లేకపోయినా ఒక ఫోన్ కార్ట్ ఖాళీ చేస్తుంటే ఇంకోటి అదే కార్ట్‌లో వస్తువులు లెక్కపెడుతుంటుంది. ఓటీపీకి రేట్ లిమిట్ ఉంటే అదొకటి. ఫోన్‌కో యూజర్ పెట్టండి. ఇంకా మంచిది, ప్రతి టెస్ట్ ఏపీఐతో కొత్త యూజర్‌ని తయారుచేసుకుని మొదలెట్టడం.

నాలుగోది ఏడీబీ, కంప్యూటర్ నుంచి ఫోన్‌తో మాట్లాడే టూల్. మెషీన్‌లో రెండు ఏడీబీలు ఉంటాయి చాలాసార్లు: ఉబుంటు ప్యాకేజీతో వచ్చింది ఒకటి, ఆండ్రాయిడ్ ఎస్‌డీకేతో వచ్చింది ఇంకొకటి. వెర్షన్లు తేడా ఉంటే రెండోది పిలిచిన క్షణంలో "సర్వర్ వెర్షన్ క్లయింట్‌తో కలవలేదు, కిల్లింగ్" అని 5037 పోర్ట్ మీదున్న సర్వర్‌ని చంపేసి తనది లేపుతుంది. ఐదు ఫోన్ల సెషన్లూ ఒకేసారి పోతాయి. "విచ్ మైనస్ ఏ ఏడీబీ" కొడితే ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది. ప్యాకేజీది తీసేసి ఎస్‌డీకేది ఒక్కటే ఉంచండి, ఆండ్రాయిడ్_హోమ్ అదే దారి చూపాలి.

జెంకిన్స్‌తో ఇంకో చిక్కు. జాబ్ మొదలెట్టిన పిల్ల ప్రాసెస్‌లన్నిటినీ జాబ్ అవ్వగానే జెంకిన్స్ చంపుతుంది. ఏ జాబ్ ముందు ఏడీబీ లేపిందో ఆ జాబ్ ముగిస్తే మిగతా జాబ్‌ల కింద నేల కదిలిపోతుంది. ఏడీబీ సర్వర్‌ని సిస్టమ్‌డీ సర్వీస్‌గా బూట్ అప్పుడే లేపి ఉంచండి, జాబ్‌లు దాన్ని వాడుకోవడమే.

---

డెవలపర్_ఆప్షన్స్

పైన చెప్పినవన్నీ కరెక్ట్. నేను ఫోన్ వైపు చెప్తా. మన దగ్గర జనం వాడే ఫోన్లలో ఎక్కువ భాగం ఈ కంపెనీలవే, వీటి సెట్టింగ్స్ గూగుల్ డాక్యుమెంట్లలో ఉండవు.

రెడ్‌మీ: డెవలపర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ కింద ఇంకో రెండు ఉంటాయి. "ఇన్‌స్టాల్ వయా యూఎస్‌బీ", "యూఎస్‌బీ డీబగ్గింగ్ (సెక్యూరిటీ సెట్టింగ్స్)". రెండూ ఆన్ చేయాలి. ఆన్ చేయాలంటే షావోమీ అకౌంట్‌తో లాగిన్ అయి ఉండాలి, సిమ్ కూడా అడుగుతుంది. మొదటిది లేకపోతే మీకొచ్చిన యూజర్ రెస్ట్రిక్టెడ్ ఎర్రర్. రెండోది లేకపోతే ఇన్‌స్టాల్ అవుతుంది గానీ ఏడీబీ నుంచి పంపే ట్యాప్‌లు "ఇంజెక్ట్ ఈవెంట్స్" పర్మిషన్ లేదని ఆగిపోతాయి. అప్పియం మీ యాప్‌తో పాటు తనవి మూడు ఏపీకేలు (యాప్ ఫైళ్లు) వేస్తుందని గుర్తుంచుకోండి: సెట్టింగ్స్ యాప్, సర్వర్, సర్వర్ టెస్ట్. మీ యాప్ ముందే ఎక్కి ఉన్నా వీటిలో ఏ ఒక్కటి ఆగినా సెషన్ లేవదు.

రియల్‌మీ, ఒప్పో: "డిసేబుల్ పర్మిషన్ మానిటరింగ్" అని డెవలపర్ ఆప్షన్స్‌లో బాగా కిందికి ఉంటుంది. ఆన్ చేస్తే రైట్ సెక్యూర్ సెట్టింగ్స్ గొడవ పోతుంది. ఆ ఆప్షన్ కనపడని మోడల్ అయితే "ఇగ్నోర్ హిడెన్ ఏపీఐ పాలసీ ఎర్రర్" కేపబిలిటీ ట్రూ పెట్టండి.

వివో: కొన్ని ఫన్‌టచ్ (వివో సిస్టమ్) వెర్షన్లలో యూఎస్‌బీ నుంచి యాప్ వేస్తే స్క్రీన్ మీద పాస్‌వర్డ్ అడుగుతుంది, రాత్రి ఒంటిగంటకి ఎవరు కొడతారు? అలాంటి ఫోన్‌లో అప్పియం ఏపీకేలు ఒకసారి చేత్తో ఎక్కించి "స్కిప్ సర్వర్ ఇన్‌స్టలేషన్" ట్రూ పెట్టాలి. డ్రైవర్ వెర్షన్ పెంచిన రోజు మళ్లీ చేత్తో ఎక్కించాలి, లేకపోతే పాత సర్వర్‌తో కొత్త డ్రైవర్ మాట్లాడలేక ఇంకో రకం ఎర్రర్లు మొదలవుతాయి. మీ యాప్ కొత్త బిల్డ్‌కి మాత్రం దారి లేదు. అందుకే రాత్రి రన్‌కి ఆ వివో వద్దు, పగలు చేత్తో టెస్ట్ చేయడానికి ఉంచుకోండి.

అన్ని ఫోన్లకీ: ప్లే స్టోర్ ఆటో అప్‌డేట్ ఆపేయండి. సిస్టమ్ వెబ్‌వ్యూ రాత్రికి రాత్రి అప్‌డేట్ అయితే పొద్దుటికి క్రోమ్‌డ్రైవర్ వెర్షన్ కలవదు, పేమెంట్ టెస్టులన్నీ ఒకేసారి పోతాయి. యానిమేషన్ స్కేల్స్ మూడూ సున్నా. సిస్టమ్ అప్‌డేట్ ఆటో డౌన్‌లోడ్ ఆఫ్.

"అన్‌ఆథరైజ్డ్" రెండు దారుల్లో వస్తుంది. ఒకటి, ఆండ్రాయిడ్ 11 నుంచి 7 రోజులు కనెక్ట్ అవ్వని కంప్యూటర్ అనుమతిని ఫోన్ తనంతట తనే రద్దు చేస్తుంది. "డిసేబుల్ ఏడీబీ ఆథరైజేషన్ టైమౌట్" ఆన్ చేస్తే ఆగుతుంది. రెండు, మీరు పగలు మీ యూజర్‌తో లాగిన్ అయి "ఆల్వేస్ అలో" కొట్టారు, రాత్రి ఏడీబీ లేపింది జెంకిన్స్ యూజర్. కీ ఫైల్ ఒక్కో యూజర్ హోమ్ ఫోల్డర్‌లో వేరు కాబట్టి ఫోన్‌కి అది కొత్త కంప్యూటరే. ఏడీబీ ఏ యూజర్ కింద నడుస్తుందో ఆ యూజర్‌తోనే అనుమతి ఇవ్వాలి.

"ఆఫ్‌లైన్" అయితే కరెంటు చూడండి. అడాప్టర్ లేని హబ్‌కి యూఎస్‌బీ 3 పోర్ట్ ఇచ్చేది 900 మిల్లీఆంప్స్. ఐదు ఫోన్లు తలా 500 అడిగితే 2500. స్క్రీన్లు అన్నీ వెలిగిన క్షణాన వోల్టేజ్ పడిపోయి హబ్ రీసెట్ అవుతుంది. సొంత అడాప్టర్ ఉన్న హబ్ కొనండి, కేబుళ్లు పొట్టివి వాడండి. ఉబుంటులో యూఎస్‌బీ ఆటోసస్పెండ్‌ని కెర్నల్ పారామీటర్‌లో మైనస్ 1 చేయండి.

---

డాలర్_లెక్క

క్లౌడ్ గురించి అడిగారు కాబట్టి ముందు మీ మేనేజర్‌కి చూపించడానికి లెక్క. 5 ఫోన్లు, 180 నిమిషాలు, అంటే రాత్రికి 900 డివైస్ నిమిషాలు. నెలకి 22 రాత్రులు: 19,800 నిమిషాలు.

ఏడబ్ల్యూఎస్ డివైస్ ఫార్మ్‌లో నిమిషానికి 0.17 డాలర్. నెలకి 3,366 డాలర్లు. మొదటి 1000 నిమిషాలు ఉచితమే గానీ అది ఒక్కసారే. అదే చోట అన్‌మీటర్డ్ స్లాట్ నెలకి 250 డాలర్లు. ఒక స్లాట్ అంటే ఒక సమయంలో ఒక ఫోన్. 900 నిమిషాలకి 15 గంటలు పడుతుంది, రాత్రి సరిపోదు. రెండు స్లాట్లు తీసుకుంటే 500 డాలర్లు, ఏడున్నర గంటలు. ఒక ఫోన్ మీద ఒక రన్ 150 నిమిషాలు దాటకూడదు, కాబట్టి మీ 3 గంటల సూట్‌ని ముందు రెండు ముక్కలు చేయాలి.

ఫైర్‌బేస్ టెస్ట్ ల్యాబ్‌లో నిజమైన ఫోన్‌కి గంటకి 5 డాలర్లు, వర్చువల్‌కి 1 డాలర్. బ్లేజ్ (వాడినంతకి కట్టే) ప్లాన్‌లో రోజుకి 30 నిమిషాలు నిజమైన ఫోన్, 60 నిమిషాలు వర్చువల్ ఉచితం. 330 గంటలంటే 1,650 డాలర్లు, ఉచితం తీసేస్తే కొంచెం తగ్గుతుంది. కానీ అక్కడ అప్పియం నడవదు, ఎస్ప్రెస్సో, యూఐ ఆటోమేటర్ (గూగుల్ సొంత టూళ్లు) లాంటి టెస్టులే. నిజమైన ఫోన్ మీద ఒక రన్‌కి 45 నిమిషాలు హద్దు. ధరలు కట్టేముందు వాళ్ల పేజీలో ఒకసారి చూసుకోండి, మారుతుంటాయి.

రెట్టింపు టైం ఎందుకు పట్టిందంటే: అప్పియంలో ప్రతి ఫైండ్, ప్రతి క్లిక్, ప్రతి గెట్‌టెక్స్ట్ ఒక్కో హెచ్‌టీటీపీ కాల్. మీ జావా కోడ్ హైదరాబాద్‌లో, ఫోన్ అమెరికాలో ఉంటే రానూపోనూ దాదాపు పావు సెకను. ఒక టెస్ట్‌లో 300 కాల్స్ ఉంటే 75 సెకన్లు ఊరికే దారిలో పోతాయి. మీ టెస్ట్ సగటు 77 సెకన్లు, సరిగ్గా రెట్టింపు అయింది! విరుగుడు రెండు రకాలు. సర్వీసుకి ఇండియాలో డేటా సెంటర్ ఉంటే అది ఎంచుకోండి, డిఫాల్ట్‌గా ఏ రీజియన్ వస్తుందో డ్యాష్‌బోర్డ్‌లో చూడండి. లేదా టెస్ట్ కోడ్ కూడా ఫోన్ పక్కనే నడిచే పద్ధతి: డివైస్ ఫార్మ్‌లో టెస్ట్ ప్యాకేజీని జిప్ చేసి ఇస్తే వాళ్ల హోస్ట్ మీదే నడుస్తుంది, పావు సెకను గొడవ ఉండదు.

ఓటీపీ ఆటో-రీడ్: గూగుల్ ఎస్‌ఎంఎస్ రిట్రీవర్ వాడుతున్నారనుకుంటా. మెసేజ్ చివర 11 అక్షరాల హ్యాష్ ఉంటుంది, అది ప్యాకేజీ పేరు, సైనింగ్ సర్టిఫికెట్ కలిపి లెక్కకట్టింది. కొన్ని క్లౌడ్ సర్వీసులు మీ ఏపీకేలో తమ కోడ్ చొప్పించి మళ్లీ సైన్ చేస్తాయి. సర్టిఫికెట్ మారితే హ్యాష్ మారుతుంది, మెసేజ్ వచ్చినా యాప్‌కి చేరదు. గూగుల్ సైన్-ఇన్, ఎస్‌హెచ్‌ఏ-1తో కట్టేసిన మ్యాప్స్ కీ, ప్లే ఇంటెగ్రిటీ కూడా అదే దెబ్బకి పోతాయి. రీ-సైనింగ్ ఆపే ఆప్షన్ ఉందేమో వెతకండి. అది ఉన్నా క్లౌడ్ ఫోన్లలో చాలావాటికి సిమ్ ఉండదు, మెసేజ్ వచ్చే దారే లేదు.

యూపీఐ అసలే కుదరదు. యూపీఐ యాప్‌లు రిజిస్టర్ అయ్యేటప్పుడు ఫోన్‌లోని సిమ్ నుంచే ఎస్‌ఎంఎస్ పంపి నంబర్‌ని డివైస్‌కి కడతాయి. సిమ్ లేని అద్దె ఫోన్‌లో ఆ మెట్టు దాటలేరు.

కాబట్టి నా మాట: రోజూ రాత్రి రన్ ఆఫీసు ఫోన్ల మీదే. క్లౌడ్‌ని రిలీజ్‌కి ముందు వెడల్పు కోసం వాడండి, మీ దగ్గర లేని మోడళ్లు, పాత ఆండ్రాయిడ్ వెర్షన్లు, 3 జీబీ ర్యామ్ ఫోన్లు. 140లో ముఖ్యమైన 25 తీస్తే ఫోన్‌కి 32 నిమిషాలు. 8 మోడళ్ల మీద వారానికోసారి వేస్తే నెలకి సుమారు 1,024 నిమిషాలు, 174 డాలర్లు.

---

రాత్రిరన్

చాలా థాంక్స్ అందరికీ. స్టాటిక్ డ్రైవర్ ఉంది, అందరికీ ఒకే టెస్ట్ నంబర్ కూడా ఉంది. విచ్ కొడితే రెండు ఏడీబీలు కనిపించాయి. ఇవి సరిచేస్తున్నాం. హోమ్ స్క్రీన్‌లో పది సెకన్ల సంగతి, తెలుగు అసర్షన్ల సంగతి ఎవరైనా చెప్తారా?

---

ఎస్ప్రెస్సో_స్ట్రాంగ్

పది సెకన్లంటే 10,000 మిల్లీసెకన్లు, అది యూఐఆటోమేటర్2లో వెయిట్‌ఫర్‌ఐడిల్‌టైమౌట్ డిఫాల్ట్. ఎలిమెంట్ వెతికే ముందు స్క్రీన్ నిశ్చలమయ్యేదాకా ఆగుతుంది. నిశ్చలం అంటే 500 మిల్లీసెకన్లపాటు యాక్సెసిబిలిటీ ఈవెంట్ ఏదీ రాకపోవడం. మీ హోమ్‌లో ఆగకుండా జరిగే బ్యానరో, అప్‌డేట్ అవుతూనే ఉండే ప్రోగ్రెస్ బారో ఉండి ఉంటుంది. సెకనుకోసారి మారే ఓటీపీ టైమర్ మీద అనుమానపడతారు గానీ సాధారణంగా దాంతో ఇబ్బంది లేదు, రెండు టిక్కుల మధ్య అర సెకను దొరుకుతుంది. యానిమేషన్ స్కేల్ సున్నా చేసినా బ్యానర్ ఆగదు, అది మీ కోడ్‌లో టైమర్‌తో తిరుగుతోంది. సెట్టింగ్స్‌లో వెయిట్‌ఫర్‌ఐడిల్‌టైమౌట్ 100 పెట్టండి. సున్నా పెట్టమని కొందరంటారు. అప్పుడు స్క్రీన్ ఇంకా గీస్తుండగానే క్లిక్ పడుతుంది, ప్రతి చోటా ఎక్స్‌ప్లిసిట్ వెయిట్ పెట్టే ఓపిక ఉంటేనే ఆ పని చేయండి. అసలైన మందు మాత్రం టెస్ట్ బిల్డ్‌లో బ్యానర్ తిరగకుండా ఒక ఫ్లాగ్.

కంపోజ్ స్క్రీన్లలో ఎక్స్‌పాత్ (స్క్రీన్ చెట్టులో దారి రాసి ఎలిమెంట్ వెతకడం) వాడుతున్నారా? వాడుతుంటే మానేయండి. ఎక్స్‌పాత్ అడిగిన ప్రతిసారీ స్క్రీన్ చెట్టు మొత్తం ఎక్స్‌ఎంఎల్‌గా దింపుతుంది. రూట్ కంపోజబుల్ సెమాంటిక్స్‌లో టెస్ట్‌ట్యాగ్స్‌యాజ్‌రిసోర్స్‌ఐడీ ట్రూ పెడితే టెస్ట్‌ట్యాగ్ నేరుగా రిసోర్స్ ఐడీ అవుతుంది. రెండు మెలికలున్నాయి. డైలాగ్, బాటమ్ షీట్ వేరే విండోలు, వాటి లోపల మళ్లీ పెట్టాలి. ఇంకోటి, ఐడీతో వెతికితే అప్పియం ముందు ప్యాకేజీ పేరు తగిలిస్తుంది, కంపోజ్ ట్యాగ్‌కి ఆ పేరు ఉండదు కాబట్టి దొరకదు. "డిసేబుల్ ఐడీ లొకేటర్ ఆటోకంప్లీషన్" ట్రూ పెట్టండి. అప్పుడు పాత ఎక్స్‌ఎంఎల్ స్క్రీన్లకి పూర్తి ఐడీ మీరే రాయాలి.

డాలర్_లెక్క గారి ముగింపుతో కొంచెం విభేదిస్తాను. ఫోన్లు ఎక్కడుండాలన్నది రెండో ప్రశ్న. 140 టెస్టులూ అప్పియంలోనే ఎందుకున్నాయన్నది మొదటిది. ఫోన్ నంబర్ 9 అంకెలిస్తే బటన్ వెలగకూడదు, పిన్‌కోడ్‌లో అక్షరం కొడితే ఎర్రర్ రావాలి, ఇలాంటివి ఎస్ప్రెస్సో లేదా కంపోజ్ టెస్ట్‌లో రాయండి. అవి యాప్ ప్రాసెస్ లోపలే నడుస్తాయి, పోర్ట్ లేదు, హెచ్‌టీటీపీ లేదు, మెయిన్ థ్రెడ్ ఖాళీ అయ్యేదాకా వాటంతట అవే ఆగుతాయి. టెస్ట్ ఆర్కెస్ట్రేటర్ పెట్టి క్లియర్‌ప్యాకేజ్‌డేటా ట్రూ చేస్తే ఒక టెస్ట్ మురికి ఇంకోదానికి అంటదు. యూపీఐ కూడా: ఎస్ప్రెస్సో ఇంటెంట్స్‌తో మీ యాప్ పంపిన యూపీఐ లింక్‌లో డబ్బు మొత్తం, వీపీఏ (యూపీఐ ఐడీ), ట్రాన్సాక్షన్ నంబర్ సరిగా ఉన్నాయో చూసి, సక్సెస్, ఫెయిల్యూర్, పెండింగ్ మూడు జవాబులూ మీరే తిరిగి ఇవ్వొచ్చు. పెండింగ్‌ని మాత్రం వదలకండి, నిజజీవితంలో ఎక్కువ గొడవలు వచ్చేది అక్కడే. ఇవన్నీ ప్రతి పుల్ రిక్వెస్ట్‌కీ (కొత్త కోడ్ కలపమని అడిగినప్పుడల్లా) ఎమ్యులేటర్, అంటే కంప్యూటర్‌లో నడిచే వర్చువల్ ఫోన్, మీద నడుస్తాయి. గ్రేడిల్ మేనేజ్డ్ డివైస్‌లో ఏటీడీ ఇమేజ్ తీసుకోండి, టెస్టులకి అక్కరలేని యాప్‌లు తీసేసిన తేలిక ఇమేజ్ అది. లైనక్స్ మెషీన్‌లో కేవీఎం (వర్చువల్ మెషీన్లని వేగంగా నడిపే సదుపాయం) ఉండాలి, లేకపోతే బూట్ అవ్వడానికే తెల్లారుతుంది.

అప్పియంలో ఒక యాప్ నుంచి ఇంకో యాప్‌కి వెళ్లొచ్చేవి, నోటిఫికేషన్లు, నిజమైన ఎస్‌ఎంఎస్, కెమెరా లాంటివి మాత్రం ఉంచండి. ముప్పై నలభై మిగులుతాయి. అవి మూడు ఫోన్ల మీద గంటలోపే అయిపోతాయి.

---

డాలర్_లెక్క

విభేదం ఏమీ లేదు, ఆర్డర్ మీరు చెప్పినదే సరి. ఒక్కటి మాత్రం: ఎమ్యులేటర్‌లో పాస్ అయితే రెడ్‌మీలో పాస్ అనుకోవద్దు. బ్యాక్‌గ్రౌండ్ సింక్‌ని బ్యాటరీ సేవర్ చంపడం, ఆటోస్టార్ట్ ఆఫ్‌లో ఉండి నోటిఫికేషన్ రాకపోవడం ఎమ్యులేటర్‌లో ఎన్నిసార్లు వేసినా కనపడవు. ఆ ముప్పై నలభైలో వీటికి చోటు ఉంచండి.

---

సున్నావెడల్పు

తెలుగు అసర్షన్లది నేను చెప్తాను.

కనిపించేది ఒకటే అయినా బైట్లు వేరు. "సాఫ్ట్‌వేర్" అని రాసేటప్పుడు "ఫ్ట్" తర్వాత జీరో విడ్త్ నాన్-జాయినర్ పెడతాం, యూనికోడ్ 200సి. అది లేకపోతే "సాఫ్ట్వేర్" అయి "వ" వత్తుగా మారి కిందికి దిగిపోతుంది. కొన్ని కీబోర్డులు తామే పెడతాయి, కొన్ని పెట్టవు. పదం చివర పొల్లు తర్వాత అది ఉన్నా లేకపోయినా కంటికి తేడా తెలియదు. స్ట్రింగ్స్ ఫైల్‌లో అనువాదకులు టైప్ చేసింది, టెస్ట్‌లో మీరు టైప్ చేసింది ఇక్కడే విడిపోతాయి. రెండో చోటు ఐత్వం: "ై" ఒకే కోడ్‌పాయింట్‌గా 0సి48 రావొచ్చు, ఎత్వం 0సి46 పక్కన 0సి56 కలిపి రెండుగానూ రావొచ్చు. యూనికోడ్ ప్రకారం రెండూ సమానమే, జావా ఈక్వల్స్‌కి కాదు.

రెండు స్ట్రింగ్‌లనూ కోడ్‌పాయింట్లుగా హెక్సాలో ప్రింట్ చేయండి, తేడా వెంటనే బయటపడుతుంది. ఐత్వానికి నార్మలైజర్‌తో ఎన్‌ఎఫ్‌సీ (రెండిటినీ ఒకే రూపానికి తేవడం) చేస్తే సరిపోతుంది. 200సిని ఎన్‌ఎఫ్‌సీ తీయదు, మీరు తీసేయాలి. కానీ పోలికలో దాన్ని తీసేస్తే, అది లేక "సాఫ్ట్వేర్" అని తప్పుగా కనిపించే నిజమైన బగ్ కూడా పాస్ అయిపోతుంది. అందుకే తెలుగు వాక్యాలు టెస్ట్ కోడ్‌లో టైప్ చేయడమే మానేయండి. అప్పియంలో గెట్‌యాప్‌స్ట్రింగ్స్ అని ఉంది, భాష కోడ్ "టీఈ" ఇస్తే ఏపీకేలోని స్ట్రింగ్‌లే తిరిగొస్తాయి. వాటితో పోల్చండి. అనువాదం సరిగా ఉందా లేదా అన్నది స్ట్రింగ్స్ ఫైల్ మీద విడిగా చూడాల్సిన పని, యూఐ టెస్ట్‌ది కాదు.

భాష మార్చడానికి ఫోన్ సెట్టింగ్స్ తిప్పక్కర్లేదు. ఆండ్రాయిడ్ 13 నుంచి ఏడీబీ షెల్‌లో "సీఎండీ లొకేల్ సెట్-యాప్-లొకేల్స్" అని ప్యాకేజీ పేరు, "టీఈ-ఐఎన్" ఇస్తే ఆ ఒక్క యాప్ తెలుగులోకి మారుతుంది. తెలుగు టైప్ చేయించాలంటే అప్పియం సెండ్‌కీస్ వాడండి. "ఏడీబీ షెల్ ఇన్‌పుట్ టెక్స్ట్" తెలుగు అక్షరాలు తీసుకోదు, ఎర్రర్‌తో పడిపోతుంది.

ఇంకో మాట. తెలుగులో అసలు బగ్‌లు అసర్షన్‌కి దొరకవు. లైన్‌హైట్ గట్టిగా బిగించిన బటన్‌లో వత్తులు కింద తెగిపోతాయి, "స్త్రీ", "రాష్ట్రం" లాంటి మాటలు పెట్టి చూడండి. గెట్‌టెక్స్ట్ మాత్రం పూర్తి మాటే ఇస్తుంది, టెస్ట్ పచ్చగా ఉంటుంది. ఫాంట్ స్కేల్ 1.3 పెట్టి ముఖ్యమైన స్క్రీన్లకి స్క్రీన్‌షాట్ పోలిక ఒకటి వేయండి, మోడల్‌కో బేస్‌లైన్ ఉంచుకోండి, ఎందుకంటే శామ్‌సంగ్ ఫాంట్, రెడ్‌మీ ఫాంట్ పిక్సెల్ పిక్సెల్‌కి కలవవు. ఐఫోన్ మొదలెట్టినప్పుడు కూడా తెలుగుని చివరికి వాయిదా వేయకండి. 2018 ఫిబ్రవరిలో ఐఓఎస్ 11.2.5లో "జ్ఞా"కి ఒక 200సి కలిసిన అక్షర గుంపు కనిపిస్తే చాలు, యాప్‌లు కుప్పకూలాయి, 11.2.6 వచ్చాకే ఆగింది. అక్షరాలు గీసే పని సిస్టమ్‌ది, మీ కోడ్‌లో ఎంత వెతికినా అది దొరకదు.

---

రాత్రిరన్

ఐత్వం కాదు, 200సినే. హెక్సాలో చూస్తే కనిపించింది. చివరి రెండు ప్రశ్నలు: ఫోన్లు 24 గంటలూ ఛార్జింగ్‌లో ఉంటే బ్యాటరీ ఉబ్బుతుందంటున్నారు, నిజమేనా? ఐఫోన్‌కి ఈ ఉబుంటు మెషీన్ సరిపోతుందా?

---

డెవలపర్_ఆప్షన్స్

నిజమే. 100 శాతం దగ్గర, వేడిలో, నెలల తరబడి ఉంచితే ఉబ్బుతుంది. వెనక మూత లేవడం, స్క్రీన్ అంచు పైకి రావడం కనిపిస్తే ఆ ఫోన్ ఆ రోజే తీసేయండి, ఇంకో వారం చూద్దాం అనుకోవద్దు. "ఏడీబీ షెల్ డంప్‌సిస్ బ్యాటరీ" కొడితే టెంపరేచర్ పదో వంతుల్లో వస్తుంది, 352 అంటే 35.2 డిగ్రీలు. జెంకిన్స్ జాబ్ మొదట్లోనే ఇది చదివించి 400 దాటితే ఆ ఫోన్‌ని పక్కన పెట్టేలా రాయండి. వేడెక్కిన ఫోన్ వేగం తగ్గించుకుంటుంది, టైమౌట్లు దానివల్ల కూడా వస్తాయి. పోర్ట్ వారీగా కరెంటు ఆపగలిగే హబ్ కొంటే యూహబ్‌సీటీఎల్ అనే టూల్‌తో రన్ లేనప్పుడు ఛార్జింగ్ ఆపొచ్చు. 30 నుంచి 80 శాతం మధ్య ఉంచండి. అన్ని హబ్‌లూ దీన్ని సపోర్ట్ చేయవు, కొనేముందు యూహబ్‌సీటీఎల్ వాళ్ల లిస్ట్ చూడండి. ఫోన్లు ఒకదాని మీద ఒకటి పేర్చకుండా నిలువుగా స్టాండ్‌లో పెట్టండి. శని, ఆదివారాల్లో ఏసీ ఆపేస్తారా కనుక్కోండి.

ఐఫోన్‌కి మ్యాక్, ఎక్స్‌కోడ్ తప్పదు. వెబ్‌డ్రైవర్ఏజెంట్‌ని (డబ్ల్యూడీఏ, ఐఫోన్‌లో అప్పియం తరఫున నడిచే సర్వర్) మీ అకౌంట్‌తో సైన్ చేసి ఫోన్‌లో వేయాలి. ఉచిత ఆపిల్ ఐడీతో చేస్తే 7 రోజులకోసారి గడువు అయిపోతుంది, ఏడాదికి 99 డాలర్ల డెవలపర్ అకౌంట్ తీసుకోండి. ఐఓఎస్ 16 నుంచి ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో డెవలపర్ మోడ్ ఆన్ చేయాలి, ఆ తర్వాత డెవలపర్ మెనూలో ఎనేబుల్ యూఐ ఆటోమేషన్ కూడా. రెండో ఐఫోన్ తగిలించిన రోజు డబ్ల్యూడీఏ లోకల్‌పోర్ట్ మార్చండి, డిఫాల్ట్ 8100. డిరైవ్డ్ డేటా ఫోల్డర్ కూడా ఫోన్‌కొకటి ఇవ్వండి, లేకపోతే రెండు బిల్డ్‌లు ఒకే ఫోల్డర్‌లో కొట్టుకుంటాయి.